మడుగు సగం నిండిన వారం

కొలిన్ ముందుపళ్లు రెండు లాకప్ నేలమీద పడి ఉన్నాయి. మూడోది విరిగి కింది పెదవిలో దిగబడింది. చొక్కా ఉండచుట్టి నోటికి అదుముకుని, గోడకి చేరబడి కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయి, పక్కటెముకలు పట్టుకుని మళ్లీ కూలబడ్డాడు.

ఎవరు కొట్టారని అడగక్కర్లేకపోయింది. తాగి రోడ్డుమీద అల్లరి చేస్తున్నాడని పొద్దున్నే రెమో జనెల్లాని పట్టుకొచ్చారు. మా హార్టన్ బ్రిడ్జ్ స్టేషన్లో ఉన్నవి మూడు సెల్లులు. రెండు ఖాళీగా ఉండగా, రెమోని తెచ్చి సరిగ్గా కొలిన్ ఉన్న సెల్లులోకే తోశారు. రెమో పెదనాన్న కొడుకు డారియో శవాన్ని నిన్ననే మడుగులోంచి బయటికి లాగాం. ఆ హత్య చేశాడని లోపల వేసింది ఈ కొలిన్‌నే. పావుగంట కుమ్మనిచ్చి, ఆనక తలుపు తీసి, రెమోని నాలుగు మాటలు మందలించి ఇంటికి పంపేశారు. ఆ మందలించిన పెద్దమనిషి బ్రిస్బేన్ నుంచి మా నెత్తిన ఊడిపడ్డ ఇన్‌స్పెక్టర్ ఓల్డ్‌ఫీల్డ్.

నా పేరు ఐవీ టన్నా. ఈ స్టేషన్లో డిటెక్టివ్ సార్జెంట్‌ని. పోలీసు ఉద్యోగంలోకి రాకముందు ఇదే ఊరి హైస్కూల్లో రెండేళ్లు లెక్కలు చెప్పాను. రెమో నా క్లాసులో ఆఖరి బెంచీ. కొలిన్ మావాడు. మావాడంటే దగ్గర చుట్టమని కాదు, ఈ చెరుకు కొట్టించడానికి ఒకప్పుడు దీవుల నుంచి ఓడల్లో ఎత్తుకొచ్చిన జనానికి మునిమనవలం మేమిద్దరం. మాలో పెద్దవయసు ఆడమనిషి ఎవరైనా చిన్నవాళ్లకి ఆంటీయే.

వాడి నోరు కడిగి, పెదవిలోంచి పన్ను లాగాను. వాడు అరవలేదు. చెప్పాల్సింది మాత్రం ముక్కలు ముక్కలుగా చెప్పాడు. అయిదు వారాల కింద పబ్బులో డారియో వాడి తల్లిని ఏదో కూశాడు. కొలిన్ సీసా తీసి డారియో చెవిమీద పగలగొట్టాడు, చంపేస్తానని నలభైమంది ముందు అరిచాడు. మర్నాడు రొయ్యల పడవెక్కి ఉత్తరాన గల్ఫ్ సముద్రంలోకి వేటకి పోయాడు. మళ్లీ నేలమీద కాలు పెట్టింది మొన్న.

"మధ్యలో అంతా నీళ్లే ఆంటీ. ఈదుకుంటూ వచ్చి చంపి వెళ్లానా?"

"పడవెక్కకముందే చంపావంటున్నాడు ఇన్‌స్పెక్టర్."

"సాయంత్రం నన్ను టౌన్స్‌విల్ జైలుకి పంపుతారట. అక్కడ జనెల్లాల మనుషులు ఎంతమంది లేరూ? ఇక్కడ పళ్లతో వదిలారు."

నిన్ను ఎక్కడికీ పంపనివ్వనన్నాను.

"మాటివ్వకు ఆంటీ," అన్నాడు రక్తం ఉమ్ముతూ. "ఇస్తే నేను నమ్మేస్తా."

వాణ్ని అన్నిటికన్నా లోపలి సెల్లుకి మార్చి, తాళం కాన్‌స్టేబుల్ ప్రూ చేతిలో పెట్టాను. నేను చెప్పేదాకా దేవుడు దిగివచ్చి అడిగినా ఇవ్వొద్దన్నాను. ప్రూ కొత్త పిల్లే గానీ గుండె గట్టిది. ఆ పిల్లే కిటికీ వైపు చూపించింది. రోడ్డుకి అవతల చెట్టునీడలో ఒక పికప్ బండి, దానికి ఆనుకుని నలుగురు మగవాళ్లు. నేను వచ్చేటప్పుడు అక్కడ ఉన్నది ఇద్దరే.

ఓల్డ్‌ఫీల్డ్ నా బల్లమీద కూర్చుని, నా కప్పులో టీ తాగుతూ, మాంసం పఫ్ తింటున్నాడు. ఒకే సెల్లులో ఇద్దర్నీ ఎందుకు వేశారని అడిగాను. పొరపాటన్నాడు. నీళ్లు నమలనైనా లేదు.

"పొరపాటుకి మూడు పళ్లు పోయాయి సార్."

"నీ వాళ్లబ్బాయని బాధగా ఉందా సార్జెంట్? అలాంటప్పుడు ఈ కేసులోంచి పక్కకి తప్పుకోవాలి. చెప్పి తప్పుకుంటావా, చెప్పించుకుని తప్పుకుంటావా?"

కేసు ముగిసినట్టేనని ఆయన లెక్క. డారియోని బతికుండగా ఊరు చూసింది పబ్బు గొడవరోజునే. ఆ తర్వాత మనిషి లేడు. వెతికినవాళ్లూ లేరు, ఎందుకంటే డారియోకి నీలాల పిచ్చి. రాళ్లు తవ్వుకోవడానికి ఎవరికీ చెప్పకుండా లోపలి కొండలకి పోయి, ఫోను కూడా అందనిచోట నెల్లాళ్లు ఉండి రావడం అలవాటు. శవం ఎంత పాతదో డాక్టరు తేల్చలేకపోయాడు. వేడినీళ్లలో నాని, చేపలు పీక్కుతిన్న ఒళ్లు అది. వారం కావచ్చు, అయిదు వారాలూ కావచ్చన్నాడు. ఆ సందులో ఎక్కడ నిలబడాలో ఓల్డ్‌ఫీల్డ్‌కి చూపించింది డారియో అన్న ఆల్డో ఇచ్చిన వాంగ్మూలం. శవం దొరికింది మడుగులో జనెల్లాల పొలానికి నీళ్లు తోడే పంపు ఉన్న కొసన, గుర్రపుడెక్క కింద. పబ్బు గొడవ అయిన మర్నాడే తాను పంపు దగ్గరికి వెళ్లాననీ, అప్పటికే మడుగు సగం గుర్రపుడెక్కతో కప్పుకుపోయి ఉందనీ, పంపు నోటికి అడ్డంపడ్డ మొక్కల్ని చెరుకు కత్తితో నరికి తీశాననీ ఆల్డో చెప్పాడు. అంటే అప్పుడే శవం దాని కింద ఉండి ఉండాలి, తనే చూసుకోలేదు, తమ్ముడి మీద నడిచినంత పని చేశానని ఏడ్చాడు.

"అయిదు వారాల కింద సగం, ఇవాళ నిండా," అన్నాడు ఓల్డ్‌ఫీల్డ్ వేళ్లు తుడుచుకుంటూ. "సరిపోయింది కదా. ఆ కలుపు ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుందని మీ ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు."

పొద్దున రేడియోలో కూడా ఈయన ఇదే పాట. ఈ జిల్లాలో హింస ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరిగిపోతోందని ఊరంతా వినేలా వాగాడు. నిరుడు నాలుగు హత్యలు, ఈ ఏడు అయిదు. ఒకటి పెరిగింది. ఒకటి పెరిగితే ఒకటి పెరిగిందనే అంటారు. టీవీలో, బడ్జెట్ ఉపన్యాసాల్లో, జుట్టు నూనె ప్రకటనల్లో, ఎక్కడ చూసినా దేనికైనా ఇదే మాట. లెక్కలు చెప్పి బతికినదాన్ని, చెవిలో జోరీగలా ఉంటుంది నాకు.

"ఎక్స్‌పొనెన్షియల్ అంటే చాలా అని కాదు సార్. జోరుగా అని కూడా కాదు. ఎంత ఉంటే దాన్నిబట్టి పెరగడం. కొంచెం ఉన్నప్పుడు కొంచెమే పెరుగుతుంది, అందుకే ఎవడూ లక్ష్యపెట్టడు. ఈ ఎండల్లో గుర్రపుడెక్క వారానికి రెట్టింపవుతుంది. ఇవాళ మడుగు నిండా ఉందంటే, సగం ఉన్నది ఎప్పుడు?"

ఆయన పఫ్ పక్కన పెట్టాడు.

"పోయిన వారం. అయిదు వారాల కింద ఉన్నది ముప్పైరెండో వంతు. రేవు మూల ఒక ఇంటి పెరడంత. పంపు కొసన ఒక్క ఆకు కూడా ఉండదు."

"గాలికి కొట్టుకుపోయి ఉంటుంది."

"నీటి బోర్డువాళ్లు మడుగుకి అడ్డంగా నీళ్లమీద తేలే బుడ్ల తాడు కట్టారు, పంపు వైపు పోకుండా. తాడు ఇవతల సగం నిండి, ఒత్తిడికి తాడు మునిగితేనే అవతలికి దాటేది."

రైల్వే గేటు కెమెరా బొమ్మలు చూశారా అని అడిగాను. మడుగు పక్కన చెరుకు రైళ్లు దాటేచోట పెట్టిన కెమెరా అది. అంతా చూశాం, అనుమానించాల్సిన బండి ఒక్కటీ కనబడలేదన్నాడు. బండ్లని కాదు, వెనకాల నీళ్లని చూశారా అన్నాను. చూడలేదు. నిజానికి నిన్నటిదాకా నేనూ చూడలేదు. ఆయన ముందే కంప్యూటర్ తెరిచి, వారానికో బొమ్మ చొప్పున తిప్పాను. బొమ్మకి ఎడమ మూల మడుగు రేవు, దూరంగా బుడ్ల తాడు. పబ్బు గొడవ వారం, రేవు పక్కన ఒక పచ్చని మరక. తర్వాతి వారం రెండింతలు, అయినా మరకే. ఆ పై వారానికి కూడా వెతక్కపోతే కనబడదు. పోయిన వారం బొమ్మలో మాత్రం తాడు దాకా పచ్చగా పరుచుకుని ఉంది, ఊదారంగు పూలతో సహా.

శవాన్ని నీళ్లలోని ఇనపగుంజకి కట్టేసిన కంచె తీగని నిన్న నేనే కత్తిరించాను. తీగ మెడ కండని కోసుకుంటూ ఎముక దాకా దిగి ఉంది. తీగకీ చొక్కాకీ మధ్య గుర్రపుడెక్క ఆకులు, ఒక పువ్వు నలిగి ఇరుక్కున్నాయి. తీగ బిగించినప్పుడు ఆ మొక్కలు అక్కడే ఉండాలి. పంపు కొసకి మొక్కలు చేరింది ఈ వారంలోనే. డాక్టరు శవానికి కనీసం వారమన్నాడు, అంటే డారియో చచ్చిందీ మొక్కలు చేరగానే. అప్పటికి కొలిన్ సముద్రం మధ్యలో వలలు లాగుతున్నాడు.

"మొక్కల సాక్ష్యం," అన్నాడు ఓల్డ్‌ఫీల్డ్ లేస్తూ. "జడ్జి ముందు ఆకులూ పూలూ పరుస్తావా? పదకొండింటికి నాకు పత్రికలవాళ్లతో సమావేశం ఉంది."

"సమావేశం సంగతి తర్వాత. ముందు కిటికీలోంచి చూడండి. నేను వచ్చినప్పుడు ఇద్దరు. ఆ కుర్రాడి నోరు కడిగేసరికి నలుగురు. ఇప్పుడు ఎనిమిది. వచ్చినవాడల్లా ఇంకొకణ్ని పిలుస్తున్నాడు. టౌన్స్‌విల్ నుంచి బలగాన్ని పిలిపించండి, ఇప్పుడే."

ఆయన పకపకా నవ్వాడు. "ఎనిమిది మందికా? ఈ లెక్కన సాయంత్రానికి దేశంలో జనం చాలరు కదమ్మా."

"చాలరు. ఊరు అయిపోయాక ఆగుతుంది. మడుగూ అంతే, నీళ్లు అయిపోయాక ఆగింది."

ఎనభైమంది అయినప్పుడు చెప్పు, అప్పుడు భయపడతానని సమావేశానికి టై సర్దుకున్నాడు. నేనే టౌన్స్‌విల్‌కి ఫోన్ చేశాను. ఇన్‌స్పెక్టర్ ఉండగా నా మాటమీద మనుషుల్ని పంపలేమన్నారు. కొలిన్‌ని బతికించాలంటే మిగిలిన దారి ఒక్కటే. ఆల్డోచేత అబద్ధం ఒప్పించి, దాన్ని ఓల్డ్‌ఫీల్డ్ మొహాన కొట్టాలి. శవానికి చుట్టిన తీగ ఎవరి కంచెదో గుర్తుపట్టాలని చెప్పి ఆల్డోని పంపు షెడ్డుకి రమ్మన్నాను. స్టేషన్లో ఉన్నదే ముగ్గురం. ప్రూని తీసుకెళ్తే ఆ తాళం ఓల్డ్‌ఫీల్డ్ జేబులోకి పోతుంది. ఒంటరిగానే బయల్దేరాను.

ఆల్డో నాకన్నా ముందే వచ్చి పంపు గట్టుమీద కూర్చున్నాడు. చిన్నప్పుడు మేమిద్దరం ఒకే బస్సులో బడికి పోయేవాళ్లం. ఎండకి కాలిన మెడ, చెట్టు కాండాల్లాంటి చేతులు. పక్కనే చెరుకు కత్తి పడి ఉంది. ఈ ఊళ్లో పొలానికి పోయే ప్రతివాడి పక్కనా ఉంటుంది, అనుమానించడానికేం లేదు. మా ముందు మడుగు పచ్చిక మైదానంలా పరుచుకుని ఉంది. అరచేయంత నీళ్లు కనబడవు. గట్టు వెనక జనెల్లాల చెరుకు మాత్రం మొదలంటా ఎండి, గాలికి కాగితాల్లా గరగరమంటోంది.

తీగ గురించి అడిగాను. తమదేనన్నాడు, ఎవరైనా తీసుకోవచ్చన్నాడు. వాంగ్మూలం మళ్లీ చెప్పించాను. మర్నాడు వచ్చా, సగం కప్పుకుని ఉంది, పంపు నోరు నరికి తీశా. అక్షరం తేడా లేదు.

"ఈ పంపు చూసుకునేది నువ్వా, డారియోనా?"

"వాడే. నాది పొలం, వాడిది నీళ్లు. మా నాన్న ఉన్నప్పటినుంచీ అంతే."

"అయితే ఆ రోజు మాత్రం నువ్వెందుకొచ్చావు?"

నీళ్లు రాలేదు కాబట్టి వచ్చానన్నాడు. ఆ వారం మీ పొలానికి నీళ్లు బాగానే అందాయి, బోర్డు మీటరే చెప్తోందన్నాను. ఫోను తీసి కెమెరా బొమ్మ చూపించాను. పచ్చని మరక.

"ఇది నువ్వు సగం అన్న రోజు ఆల్డో. నువ్వు చెరుకు మనిషివి. చెరుకు వారానికి జానెడు పెరుగుతుంది, చిన్నదైనా పెద్దదైనా జానెడే. ఇవాళ నిండుగా ఉంది కాబట్టి, నెల కింద సగం అంటే సరిపోతుందని చెరుకు లెక్క వేసుకున్నావు. ఇది చెరుకు కాదు. ఈ మడుగు సగం నిండింది పోయిన వారం. నువ్వు దీన్ని చూసిందీ అప్పుడే."

అతను ఫోన్ మీదికి ఒంగి చూశాడు. తర్వాత నెమ్మదిగా, "అంత చిన్నదా?" అన్నాడు. ఆశ్చర్యం నిజమైనదే. ఆ ఆశ్చర్యం మొహంలో ఉండగానే చెయ్యి కదిలింది.

కత్తి నా మెడకోసం వచ్చింది. తల వెనక్కి లాగాను గానీ భుజం దొరికింది. చొక్కా, చర్మం, కండ, అన్నీ ఒక్క ఊపులో తెరుచుకున్నాయి. తుపాకీ తీసే వ్యవధి ఇవ్వలేదు. రెండో వేటుకి కత్తి ఎత్తగానే ఒంగి నడుము దగ్గర గుద్దాను. ఇద్దరం గట్టుమీంచి దొర్లి మడుగులో పడ్డాం.

గుర్రపుడెక్క మమ్మల్ని మింగి, పైన మళ్లీ మూసుకుంది. లోపల చీకటి. మొక్కల వేళ్లు మొహానికి, మెడకి చుట్టుకుని నోట్లోకి దూరాయి. పైకి లేద్దామని తన్నుకుంటే తల మెత్తగా చాపకి తగిలి ఆగిపోయింది. చాపని చీలిస్తే చీలడం లేదు. అతని చేతులు కిందనుంచి నా కాలు పట్టుకున్నాయి. ఊపిరి అయిపోతున్నకొద్దీ నాకు పిచ్చికోపం వచ్చింది. డారియోని కట్టేసిన ఇనపగుంజ వీపుకి తగిలింది. దాన్ని పట్టుకుని పైకి పాకి, మొక్కల మధ్య మూతి పెట్టి ఒక్క గుక్క గాలి పీల్చి, రెండో కాలితో అతని మొహం ఎక్కడుందో అక్కడ తొక్కాను. బూటు కింద ముక్కు విరిగిన చప్పుడు నీళ్లలో కూడా తెలిసింది.

గట్టెక్కేసరికి అతనూ ఎక్కుతున్నాడు. కత్తి నీళ్లలోనే పోయింది, నా తుపాకీ కూడా. పంపు పక్కన పైపు పానా కనబడింది. అది రెండు చేతులా ఎత్తి మోకాలి మీద కొట్టాను. పడ్డాడు. మళ్లీ లేవబోతే మోచేతి మీద ఇంకోటి కొట్టాను. అప్పుడిక లేవలేదు. బేడీలు వేస్తుంటే నా రక్తం, అతని రక్తం కలిసి గట్టుమీద బురద అయ్యాయి.

అడక్కుండానే చెప్పాడు. పబ్బు గొడవ తర్వాత డారియో చెవికి కట్టు కట్టుకుని కొండలకి పోయాడు. పోయేముందు మడుగులో కలుపు పడిందన్నాడు, పెరడంతే కదా, వచ్చాక తీద్దాం అన్నాడు. ఆల్డో సరేనన్నాడు. చూడను కూడా చూడలేదు. నెల తిరిగేసరికి పంపు నోరు పూడుకుపోయింది, మిల్లులో క్రషింగ్‌కి ఇంకో నెల ఉండగా చెరుకంతా ఎండుముఖం పట్టింది. సరిగ్గా అప్పుడు డారియో జేబునిండా నీలిరాళ్లతో ఈల వేసుకుంటూ తిరిగొచ్చాడు.

"పెరడంతే ఉండేదిరా అన్నా, ఒట్టు, అన్నాడు. నన్ను వెర్రివాణ్ని చేస్తున్నాడనుకున్నా. ఏళ్లతరబడి గాలికొదిలేస్తే తప్ప మడుగు ఇలా అవుతుందా అనుకున్నా. చేతికి కంచె తీగ దొరికింది." విరిగిన ముక్కులోంచి గాలి బుసబుసమంది. "వాడు నిజమే చెప్పాడా ఐవీ?"

"నిజమే చెప్పాడు."

అతను నేలకి నుదురు ఆనించి ఒక రకమైన చప్పుడు చేశాడు. నాకు జాలి కలిగింది, కాదనను. ఆ జాలి ఎంతోసేపు నిలవలేదు. తల ఎత్తి, పొద్దున ఇద్దరికి ఫోన్ చేశానని చెప్పాడు. రెమోకి ఒకటి, ఇంకో దాయాదికి ఒకటి. ఒక్కొక్కరూ ఇంకొకరికి చెప్పండి, వాళ్లూ ఇంకొకరికి చెప్పాలి, మధ్యాహ్నానికల్లా కొలిన్‌ని బయటికి లాగి ముగించాలి అన్నాడట. కొలిన్ చస్తే కేసు అక్కడితో చస్తుందని.

కారులో రేడియో తీశాను. ప్రూ అందుకుంది. ముందు తలుపు విరగ్గొట్టారు, ఇన్‌స్పెక్టర్ రోడ్డుమీద పడిపోయి ఉన్నాడు, ఎంతమందో లెక్క తెలియదు, తాళం ఇంకా నా దగ్గరే ఉంది మేడమ్ అంది. ఆ వెంటనే ఏదో ఇనప చప్పుడు, ఒక ఆడపిల్ల కేక, ఆ తర్వాత ఏమీ లేదు.

ఆల్డోని వెనకసీట్లోకి తోసి, తెగిన భుజం మీద తువ్వాలు కట్టుకుని ఒంటిచేత్తో నడిపాను.

స్టేషన్ వీధిలోకి కారు దూరడానికి చోటు లేదు. పికప్ బండ్లు, చెరుకు లారీలు, కాలిబాట మీద, పచ్చిక మీద, ఎక్కడపడితే అక్కడ మనుషులు. ఓల్డ్‌ఫీల్డ్ మెట్లమీద కూర్చుని ఉన్నాడు. నుదురు చీలి, రక్తం టైమీదకి కారుతోంది. నన్ను చూసి నోరు తెరిచాడు. "అరగంట కింద ముప్పైమందే," అన్నాడు, చిన్నపిల్లాడు సంజాయిషీ చెప్పినట్టు. ఆయన వెనక గుమ్మంలో ప్రూ గోడ పట్టుకుని నిలబడి ఉంది, ఒక చెయ్యి వంకరగా వేలాడుతోంది.

కొలిన్‌ని నడివీధిలో బోర్లా పడేశారు. వాడి మెడకి లారీలో లోడు కట్టే పట్టీ బిగించి, రెండో కొస పికప్ వెనక కొక్కేనికి తగిలించారు. స్టీరింగ్ దగ్గర రెమో. ఇంజన్ తిరుగుతోంది. కొలిన్ వేళ్లు పట్టీ కింద దూర్చుకుని ఉన్నాడు, ఆ వేళ్లు ఇంకా కదులుతున్నాయి.

హారన్ మోగిస్తూ, జనాన్ని తోసుకుంటూ కారుని తీసుకెళ్లి పికప్ ముందు అడ్డంగా గుద్దించి ఆపాను. రెమో కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"పక్కకి తప్పుకోండి మిస్."

బళ్లో పిలిచినట్టే మిస్ అన్నాడు. నా చేతిలో తుపాకీ లేదు. నిలబడే ఓపిక కూడా లేదు. నా దగ్గర ఉన్నది నిజం ఒక్కటే. అది చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

"కొలిన్ కాదు రెమో. డారియోని చంపినవాడు నా కారులో ఉన్నాడు."

వెనకసీట్లోంచి ఆల్డో గొంతు వినబడింది. తలుపు తియ్యకు ఐవీ, తియ్యకు, అంటున్నాడు. నేను కిటికీ అద్దం కిందికి దించాను, రెమోకి కనబడేంత.

రెమో బండి దిగి వచ్చాడు. తడిసిన బట్టల్ని, చేతులకి బేడీల్ని, పగిలిన మొహాన్ని చూశాడు. "అన్నా, ఈవిడ అబద్ధం చెప్తోందని చెప్పు," అన్నాడు. గొంతులో ప్రాధేయపడటం ఉంది. "ఒక్కమాట చెప్పు చాలు, మిగతాది నేను చూసుకుంటా."

ఆల్డో చెప్పొచ్చు. చెప్తే కొలిన్ పని అక్కడితో అయిపోయేది. అతను నోరు తెరిచాడు, రెమో కళ్లలోకి చూడబోయాడు, చూడలేకపోయాడు. తల సీటు కిందికి దించుకుని, "వాడు నిజమే చెప్పాడురా," అన్నాడు. "పెరడంతే ఉండేది."

చుట్టూ గోల తగ్గింది. వెనకవాళ్లు ఏమైందని అడుగుతున్నారు, ముందున్నవాళ్లు చెప్తున్నారు. రెమో వెనక్కి వెళ్లి, మోకాళ్లమీద కూర్చుని, కొలిన్ మెడనుంచి పట్టీ జాగ్రత్తగా వదులుచేసి తీశాడు. కొలిన్ ఒక్కసారిగా గాలి పీల్చి దగ్గాడు. ఆ దగ్గు విని కారు దిగాను. ఆల్డో ఉన్న వెనక తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను.

రెమో లేచాడు. పట్టీ కింద పడెయ్యలేదు. చేతికి చుట్టుకుంటూ నా కారు వైపు నడిచాడు. అతని వెనక ఇద్దరు కదిలారు. ఆ ఇద్దరి వెనక నలుగురు.